గంజాయి పన్ను అంచనాలు: చిత్తూరు సరిహద్దు నుంచి ఒక లెక్క

గంజాయిని చట్టబద్ధం చేసి పన్ను వేస్తే ప్రభుత్వానికి ఏటా ఎన్ని కోట్లు వస్తాయన్న లెక్క పైకి తేలికగానే కనిపిస్తుంది. ఎంతమంది వాడుతున్నారు, ఒక్కొక్కరు ఎంత వాడుతున్నారు, గ్రాము ధర ఎంత, పన్ను ఎంత అన్న నాలుగు అంకెలను హెచ్చవేస్తే జవాబు వచ్చేస్తుంది. చర్చల్లో తరచూ వినిపించే వందల కోట్ల, వేల కోట్ల అంచనాలు చాలావరకు ఈ పద్ధతిలో పుట్టినవే. అయితే చట్టం మారిన రోజు నుంచే ఆ అంకెలు కూడా మారడం మొదలవుతుంది, అన్నిటికంటే ముందు మారేది ధర. నిషేధం ఉన్నప్పటి ధరను పట్టుకుని నిషేధం ఎత్తేసిన తర్వాతి రాబడిని లెక్కగట్టడం ఈ అంచనాల్లోని అతి పెద్ద లోపం. ఉమ్మడి చిత్తూరు జిల్లాకు ఈ లెక్క వేసి చూస్తే ఆ లోపం ఎంత పెద్దదో తెలుస్తుంది. గంజాయిని అనుమతించాలా వద్దా అన్నది వేరే చర్చ. అనుమతించాలనే వారు రాబడిని ఒక కారణంగా చూపిస్తున్నంత కాలం, ఆ కారణంలో బలమెంతో నిజాయితీగా తూచి చూడవలసిందే.

చిత్తూరునే తీసుకోవడానికి కారణం ఉంది. 2022 ఏప్రిల్ 4న జరిగిన పునర్విభజనకు ముందున్న ఈ జిల్లాకు ఒకవైపు తమిళనాడు, మరోవైపు కర్ణాటక ఉన్నాయి. కుప్పం నుంచి చూస్తే రెండు రాష్ట్రాల పొలిమేరలూ కూతవేటు దూరమే. మత్తు పదార్థాల రాబడి విషయంలో ఈ జిల్లాకు పాత చరిత్ర కూడా ఉంది. మద్రాసు రాష్ట్రంలో రాజాజీ ప్రభుత్వం 1937లో సేలం జిల్లాలో మద్యనిషేధం మొదలుపెట్టి, మరుసటి ఏడాది అక్టోబరులో దాన్ని చిత్తూరు, కడప జిల్లాలకు విస్తరించింది. నిషేధంతో పోతున్న ఆబ్కారీ రాబడిని పూడ్చుకోవడానికి 1939లో సాధారణ అమ్మకపు పన్ను చట్టం తెచ్చింది. మత్తు మీద వచ్చే డబ్బును వదులుకుంటే ప్రభుత్వం దేని మీద ఆధారపడాలి అన్న ప్రశ్నను ఎదుర్కొన్న తొలి జిల్లాల్లో చిత్తూరు ఒకటి. ఇప్పుడు అదే ప్రశ్న తిరగబడి, కొత్త మత్తు పదార్థాన్ని అనుమతిస్తే ఎంత వస్తుంది అన్న రూపంలో ముందుకు వస్తోంది.

గంజాయి మీద పన్ను అన్న ఆలోచన మన దేశానికి కొత్తదేమీ కాదు. బ్రిటిషు ప్రభుత్వం నియమించిన గంజాయి మత్తు పదార్థాల సంఘం 1893-94లో దేశమంతా తిరిగి 1,193 మంది సాక్షులను విచారించింది. పూర్తి నిషేధం అవసరం లేదని తేల్చి, సాగును లైసెన్సుల కిందికి తేవాలని, దుకాణాల సంఖ్యను పరిమితం చేయాలని, సరుకు మీద నేరుగా సుంకం వేస్తూనే అమ్మకపు హక్కును వేలం వేయాలని సూచించింది. ప్రభుత్వ రాబడి పెంచడం కోసం కాకుండా వాడకాన్ని అదుపులో ఉంచడం కోసం పన్నును ఒక సాధనంగా వాడాలన్నది ఆ సంఘం ధోరణి. ఆ తర్వాత 1961 నాటి అంతర్జాతీయ ఒప్పందం, దాన్ని అనుసరించి 1985లో వచ్చిన ఎన్‌డీపీఎస్ (మత్తుమందుల నియంత్రణ) చట్టం గంజాయిని, ఆ మొక్క జిగురైన చరస్‌ను పూర్తిగా నిషేధించాయి. విత్తనాలు, పూత లేని ఆకు మాత్రం ఆ చట్ట నిర్వచనానికి వెలుపల ఉండిపోయాయి. ఉత్తరాదిలోని కొన్ని రాష్ట్రాల్లో భంగు దుకాణాలు లైసెన్సు మీద నడవడానికి ఆధారం అదే.

ఇక్కడే అంచనాకు మొదటి అడ్డంకి ఎదురవుతుంది. ఎన్‌డీపీఎస్ కేంద్ర చట్టం. వైద్య, శాస్త్రీయ అవసరాలకు తప్ప గంజాయి సాగును, అమ్మకాన్ని, వాడకాన్ని ఎనిమిదో సెక్షన్ నిషేధిస్తుంది. సాగుకు అనుమతులిచ్చే అధికారం పదో సెక్షన్ కింద రాష్ట్రాలకు ఉన్నా, అది ఆ అవసరాల పరిధి దాటదు. నార, విత్తనం కోసం పెంచే పారిశ్రామిక రకానికి వేరే వెసులుబాటు ఉంది. 2018లో ఉత్తరాఖండ్ ఆ దారిలోనే మత్తు పదార్థం 0.3 శాతానికి మించని మొక్కలకు లైసెన్సులు ఇవ్వడం మొదలుపెట్టింది. దాని రాబడి వస్త్రాలు, నూనెల వంటి మామూలు సరుకుల మీద వచ్చే రాబడే కాబట్టి ఇక్కడి లెక్కలోకి రాదు. మత్తు కోసం వాడే గంజాయిని అమ్మించాలంటే పార్లమెంటు చట్టం మార్చాలి. అమరావతిలో తీసుకునే నిర్ణయం ఒక్కటీ అందుకు సరిపోదు. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రం 2012లో గంజాయిపై ప్రజాభిప్రాయం కోరినప్పుడు, ఐదేళ్లలో 190 కోట్ల డాలర్ల దాకా రావచ్చని, అసలేమీ రాకపోవచ్చని కూడా ఆ రాష్ట్ర ఆర్థిక అధికారులు తమ అంచనాలో రాశారు. సమాఖ్య ప్రభుత్వం అడ్డుపడితే రాబడి సున్నా అవుతుందన్నది వారి జాగ్రత్త. ఆ సున్నాను చూసి కొందరు తప్పించుకునే ధోరణి అనుకోవచ్చు గానీ, రాబడి అంచనాల చరిత్రలో అంతకంటే బాధ్యతగా రాసిన మాట అరుదు.

చట్టం మారిందనే అనుకుందాం. అప్పుడు ఏ పన్ను ఎవరికి వెళుతుందన్నది రాజ్యాంగం ప్రకారం తేలాలి. ఏడో షెడ్యూలు రాష్ట్ర జాబితాలోని 51వ అంశం మద్యంతో పాటు నల్లమందు, గంజాయి, ఇతర మత్తు పదార్థాల మీద ఎక్సైజ్ సుంకం వేసే అధికారాన్ని రాష్ట్రాలకే ఇచ్చింది. అంటే ఎక్సైజ్ విషయంలో గంజాయి, మద్యం ఒకే గాటన ఉన్నాయి. అమ్మకపు పన్ను దగ్గర మాత్రం రెంటి దారులు వేరవుతాయి. 2016లో వచ్చిన 101వ సవరణ మనుషులు తాగే మద్యాన్ని జీఎస్టీ పరిధి నుంచి తప్పించి దాని మీద వ్యాట్‌ను రాష్ట్రాలకే వదిలింది గానీ, గంజాయికి అటువంటి మినహాయింపు ఇవ్వలేదు. కాబట్టి చట్టబద్ధమైన గంజాయి మీద రాష్ట్రం ఎక్సైజ్ వేయగలదు, వ్యాట్ వేయలేదు. దాని మీద పడేది జీఎస్టీ. 2025 సెప్టెంబరు 22 నుంచి అమల్లోకి వచ్చిన 40 శాతం శ్లాబులో అది చేరుతుందని అనుకోవడం సహేతుకం. అందులో సగం రాష్ట్రానికి, సగం కేంద్రానికి. మద్యం నమూనాను యథాతథంగా గంజాయికి అంటగట్టి రాష్ట్ర రాబడి లెక్కగట్టే వారు ఈ తేడాను పట్టించుకోవడం లేదు.

ఇతర దేశాల్లో అంచనాలు ఎలా తేలాయో చూస్తే ఒక క్రమం కనిపిస్తుంది. అమెరికాలోని కొలరాడో రాష్ట్రంలో అమ్మకాలు 2014 జనవరి 1న మొదలయ్యాయి. ప్రత్యేక పన్నుల మీద 2013లో ఓటర్ల ముందుంచిన పత్రంలో ఏడాదికి 6.7 కోట్ల డాలర్లు వస్తాయని చెప్పారు. దుకాణాలు తెరిచిన కొద్ది వారాల్లోనే అంచనాలు దాదాపు రెట్టింపయ్యాయి. తొలి ఏడాది వినోదపు అమ్మకాల మీద వచ్చింది సుమారు 4.4 కోట్లు మాత్రమే. ఆ తర్వాత రాబడి ఏటేటా పెరిగి 2021లో 42 కోట్ల డాలర్లు దాటింది. అక్కడితో విజయగాథ అనుకున్నవారికి తర్వాతి మూడేళ్లు మింగుడుపడలేదు. 2022లో దాదాపు 32.5 కోట్లకు, 2023లో 27.4 కోట్లకు, 2024లో 25.5 కోట్లకు రాబడి పడిపోయింది. సరుకు ఎక్కువై టోకు ధర సగానికి పైగా పడిపోవడం, చుట్టుపక్కల రాష్ట్రాలూ అనుమతులివ్వడం అందుకు ప్రధాన కారణాలు. అక్కడి పన్ను ధరలో శాతంగా ఉంది కనుక, ధరతో పాటే రాబడీ జారిపోయింది.

కాలిఫోర్నియా కథ మరోలా నడిచింది. 2016లో ఓటింగుకు ముందు, కాలక్రమేణా ఏడాదికి వంద కోట్ల డాలర్లు దాటవచ్చన్న మాట బాగా ప్రచారమైంది. 2018-19 బడ్జెట్‌లో 64.3 కోట్ల డాలర్ల రాబడిని అంచనా వేస్తే వచ్చింది అందులో సగం కూడా లేదు. సాగుదారు మీద ఔన్సు లెక్కన ఒక పన్ను, దాని మీద 15 శాతం ఎక్సైజ్, ఆపైన అమ్మకపు పన్ను, చాలాచోట్ల నగరాల స్థానిక పన్ను కలిసి లైసెన్సు దుకాణంలో ధర దొంగ సరుకు కంటే బాగా పెరిగింది. కొనేవారు పాత వ్యాపారుల దగ్గరే ఉండిపోయారు. చివరికి 2022 జులైలో సాగు పన్నును ఎత్తేయాల్సి వచ్చింది. కెనడా గ్రాముకు ఒక డాలరు, లేదా ధరలో పది శాతం, వీటిలో ఏది ఎక్కువైతే అది అన్న పద్ధతి పెట్టుకుంది. 2018 అక్టోబరులో అమ్మకాలు మొదలైనప్పుడు ఆ ఒక్క డాలరు చిన్న మొత్తంగానే కనిపించింది. ధరలు కుప్పకూలాక అదే సాగుదారులకు మోయలేని బరువై, పన్ను బకాయిలు పేరుకుపోయాయి. శాతం లెక్కన వేస్తే రాబడి ధరతో పాటు పడిపోతుంది, బరువు లెక్కన వేస్తే పన్ను కట్టేవాడే పడిపోతాడు. ఈ రెంటి మధ్య ఇప్పటికీ ఏ ప్రభుత్వమూ తృప్తిగా ఒక దారి కనుక్కోలేదు.

ధర పడిపోతుందన్న సంగతి ముందే తెలియదా అంటే, తెలుసు. 2010లో అమెరికా పరిశోధనా సంస్థ రాండ్ కాలిఫోర్నియా గురించి చేసిన అధ్యయనంలో, పన్ను కలపని చిల్లర ధర 80 శాతానికి పైగా పడిపోవచ్చని స్పష్టంగా హెచ్చరించారు. నిషేధం ఉన్నప్పుడు కొనేవాడు కట్టే ధరలో మొక్క ఖరీదు చాలా స్వల్పం. మిగిలినదంతా పట్టుబడితే జైలుకు పోవాల్సి వస్తుందన్న భయానికి, దాచి తెచ్చే శ్రమకు, చేతులు మారిన ప్రతిచోటా తీసుకునే వాటాకు కట్టే మూల్యం. భయం పోతే ఆ మూల్యం పోతుంది. అంచనా వేసేవారు ఆ మూల్యాన్నంతా పన్ను రూపంలో ప్రభుత్వం మింగేయగలదని ఊహించుకుంటారు.

మన దేశంలో ప్రచారమైన అంకెలు కూడా ఈ ఊహ మీదే నిలబడ్డాయి. 2018లో ఒక విదేశీ సంస్థ ప్రపంచంలోని 120 నగరాలకు గంజాయి ధరల సూచీ తయారుచేసింది. అందులో ఢిల్లీ వాడకం ఏడాదికి 38.26 టన్నులని, గ్రాము ధర 4.38 డాలర్లని ఉంది. దాని ఆధారంగా ఢిల్లీకి 725 కోట్ల రూపాయలు, ముంబైకి 641 కోట్లు పన్ను రాగలదన్న మాట పత్రికల్లో తిరిగింది. ఢిల్లీ అంకెను విడదీసి చూస్తే, 725 కోట్లను 38.26 టన్నులతో భాగిస్తే గ్రాముకు దాదాపు 190 రూపాయల పన్ను తేలుతుంది. మన్యంలో శీలావతి రకం గంజాయి కిలో కొన్ని వేల రూపాయలకే చేతులు మారుతుంది. అంటే పండించిన చోట గ్రాము ఖరీదు పది రూపాయలు దాటదు. పది రూపాయల సరుకు మీద 190 రూపాయల పన్ను వేసి, దాన్ని ప్రతి వాడకందారూ దుకాణానికి వచ్చి కడతాడని ఆ అంచనా అంటోంది. దొంగ రవాణా చేసేవాడికి అంతకంటే మంచి బేరం దొరకదు.

ఇక చిత్తూరు లెక్క. 2011 జనాభా లెక్కల ప్రకారం ఉమ్మడి జిల్లా జనాభా 41.74 లక్షలు. అందులో పదేళ్ల నుంచి డెబ్బై అయిదేళ్ల లోపు వారు సుమారు 35 లక్షలని అనుకుందాం. ఎయిమ్స్‌లోని జాతీయ వ్యసన చికిత్సా కేంద్రం సామాజిక న్యాయ మంత్రిత్వ శాఖ కోసం చేసిన సర్వే 2019లో వెలువడింది. దేశంలో ఆ వయసువారిలో 2.8 శాతం మంది, అంటే 3.1 కోట్ల మంది, అంతకుముందు ఏడాదిలో ఏదో ఒక రూపంలో గంజాయి మొక్క మత్తు వాడారని అది తేల్చింది. వారిలో 2.2 కోట్ల మంది వాడింది భంగు. చట్టం నిషేధించిన గంజాయి, చరస్ వాడినవారు 1.3 కోట్లు, అంటే 1.2 శాతం. ఈ విభజన చాలా ముఖ్యం. 3.1 కోట్ల మందినీ గంజాయి వినియోగదారులుగా లెక్కగట్టి పన్ను వేసిన అంచనా మొదటి అడుగులోనే రెండింతలకు పైగా ఉబ్బిపోతుంది.

జాతీయ సగటును చిత్తూరుకు వర్తింపజేస్తే 42 వేల మంది అవుతారు. రాష్ట్రాల మధ్య తేడాలు చాలా ఉన్నాయి కాబట్టి అందులో సగం, 21 వేల మంది, అన్న కింది హద్దును కూడా పెట్టుకోవడం మేలు. తిరుమలకు రోజూ వచ్చే అరవై డెబ్బై వేల మంది యాత్రికులను ఈ లెక్కలో కలపకూడదు. కొండ మీద మద్యం, పొగాకు, మాంసం నిషిద్ధం. వచ్చేవారు దర్శనానికి వచ్చి ఒకటి రెండు రోజుల్లో వెళ్లిపోయేవారు. పర్యాటక నగరాల్లో సందర్శకుల సంఖ్యను బట్టి అమ్మకాలు లెక్కగట్టే పద్ధతి తిరుపతికి పనికిరాదు.

ఒక్కొక్కరు ఎంత వాడతారన్నది మరింత జాగ్రత్తగా చూడాలి. వాడకం అందరిలో సమానంగా ఉండదు. ఎక్కడ లెక్క తీసినా రోజూ వాడే కొద్దిమందే మొత్తం సరుకులో అత్యధిక భాగాన్ని కాలుస్తారు. ఐదుగురిలో ఒకరు రోజుకు ఒక గ్రాము, మిగిలిన నలుగురు ఏడాదికి ఇరవై గ్రాములు వాడతారని అనుకుంటే, సగటున తలకు 89 గ్రాములు వస్తుంది. ఆ ఒకరు రెండు గ్రాములు వాడతారనుకుంటే సగటు 162 గ్రాములకు ఎగబాకుతుంది. మొదటి లెక్కనే తీసుకుంటే 42 వేల మందికి ఏడాదికి సుమారు 3.7 టన్నులు అవుతుంది. ఇవి వాదన కోసం పెట్టుకున్న ఊహలే. అయినా వీటిని దాచకుండా చెబితే, చదివేవారు తమకు తోచిన అంకె పెట్టుకుని లెక్క మళ్లీ వేసుకోవచ్చు.

ఇప్పుడు ధర. సాగు, ఆరబెట్టడం, ప్రయోగశాల పరీక్ష, ప్యాకింగ్, లైసెన్సు ఖర్చు, దుకాణదారు లాభం అన్నీ కలిపి పన్నుకు ముందు గ్రాము 15 రూపాయలు అనుకుందాం. దాని మీద రాష్ట్రం పది రూపాయలు ఎక్సైజ్ వేస్తే 25 అవుతుంది. జీఎస్టీ చట్టం పదిహేనో సెక్షన్ ప్రకారం ఇతర పన్నులు కలిసిన విలువ మీదే జీఎస్టీ పడుతుంది కనుక 40 శాతం అంటే మరో పది రూపాయలు. చిల్లర ధర 35 రూపాయలు. ఇందులో రాష్ట్రానికి నేరుగా వచ్చేది ఎక్సైజ్ పది, జీఎస్టీలో సగం వాటా ఐదు, మొత్తం పదిహేను. కేంద్రానికి వెళ్లిన ఐదు రూపాయల్లో 41 శాతం రాష్ట్రాలన్నిటికీ పంపకమైనా, 15వ ఆర్థిక సంఘం 2021-26 కాలానికి నిర్ణయించిన 4.047 శాతం వాటా లెక్కన ఆంధ్రప్రదేశ్‌కు తిరిగి వచ్చేది ఎనిమిది పైసలు.

వాడేవారంతా తొలి రోజే లైసెన్సు దుకాణానికి మారిపోరు. సగం సరుకు మాత్రమే చట్టబద్ధమైన మార్గంలోకి వస్తుందనుకుంటే, 42 వేల మంది లెక్కకు ఉమ్మడి చిత్తూరు జిల్లా నుంచి రాష్ట్రానికి వచ్చే రాబడి ఏడాదికి 2.8 కోట్ల రూపాయలు. 21 వేల మంది లెక్కకు 1.4 కోట్లు. సరుకంతా చట్టబద్ధమైపోయిందని అతి ఆశతో లెక్కగట్టినా 5.6 కోట్లు దాటదు. అవే 3.7 టన్నులకు ఢిల్లీ సూచీ ధరను, అంటే గ్రాముకు సుమారు 300 రూపాయలను, పెట్టి ఆ విలువలో 40 శాతం పన్నుగా వస్తుందంటే రాబడి 45 కోట్లకు చేరుతుంది. జనాభా అదే, సర్వే అదే, అయినా 1.4 కోట్లకూ 45 కోట్లకూ మధ్య ముప్పై రెట్లకు పైగా తేడా. అందులో అత్యధిక భాగం ధర గురించి చేసిన ఒక్క ఊహ నుంచి వచ్చింది. కొత్తగా అలవాటయ్యేవారి వల్ల, చౌకగా దొరుకుతోందని పాతవారు ఎక్కువ వాడడం వల్ల అమ్మకం పెరిగి రాబడి కొంత హెచ్చవచ్చు. ఆ హెచ్చును లాభం కింద రాసుకునే ముందు, అది ఎవరి ఒంటి మీద నుంచి వస్తోందో గుర్తుంచుకోవాలి.

రాష్ట్ర జనాభాలో ఉమ్మడి చిత్తూరు వాటా సుమారు పన్నెండో వంతు. ఆ లెక్కన రాష్ట్రమంతటికీ విస్తరిస్తే రాబడి 17 నుంచి 34 కోట్ల మధ్య తేలుతుంది. ఊహలను ఉదారంగా మార్చి దీన్ని మూడింతలు చేసినా వంద కోట్లు. పోల్చుకోవడానికి ఒక్క అంకె చాలు. 2024 అక్టోబరులో రాష్ట్రంలోని 3,396 మద్యం దుకాణాలకు లాటరీ తీసినప్పుడు 89,882 దరఖాస్తులు వచ్చాయి. తిరిగి ఇవ్వని రెండు లక్షల రూపాయల దరఖాస్తు రుసుము మీదే ప్రభుత్వానికి దాదాపు 1,798 కోట్లు చేరాయి. దుకాణం దక్కని వారి నుంచి వచ్చిన రుసుమే అందులో ఎక్కువ. గంజాయి దుకాణాలకూ ఇలాంటి లాటరీ పెడితే మొదటి ఏడాది పెద్ద మొత్తమే కనిపించవచ్చు. కానీ అది ఒక్కసారి వచ్చే డబ్బు, ఆశ మీద వసూలయ్యే డబ్బు. ఏటేటా వచ్చే పన్ను రాబడి ఖాతాలో దాన్ని చూపించడం తప్పు.

మరి పన్ను పెంచితే సరిపోదా? ఈ ప్రశ్నకు సరిహద్దు జిల్లాలో జవాబు త్వరగా దొరుకుతుంది. ఎక్సైజ్‌ను గ్రాముకు పది నుంచి యాభై రూపాయలకు పెంచితే, జీఎస్టీకి ముందు 65, జీఎస్టీ కలిపి చిల్లర ధర 91 అవుతుంది. పన్ను ఎగ్గొట్టినవాడికి గ్రాముకు మిగిలేది 76 రూపాయలు. ఎన్‌డీపీఎస్ చట్టం వాణిజ్య పరిమాణంగా లెక్కించే 20 కిలోలు ఒక ప్రయాణ సంచిలో పడతాయి. పది రూపాయల ఎక్సైజ్ ఉన్నప్పుడు ఆ సంచి మీద ఎగవేత లాభం 4 లక్షలు, యాభై ఉన్నప్పుడు 15 లక్షలకు పైమాట. ఇప్పుడు అదే సంచికి పదేళ్ల నుంచి ఇరవయ్యేళ్ల జైలు పొంచి ఉంది. చట్టబద్ధం చేశాక పన్ను ఎగవేతకు ఆ స్థాయి శిక్ష ఉండదు. ప్రమాదం తగ్గి లాభం మిగిలితే దొంగ రవాణా ఆగదు. విశాఖ మన్యం నుంచి, ఒడిశా సరిహద్దు నుంచి చెన్నై వైపు సరుకు వెళ్లే జాతీయ రహదారి నాయుడుపేట, సూళ్లూరుపేట, తడల మీదుగా, అంటే నేటి తిరుపతి జిల్లా గుండానే పోతుంది. 2017 జులైలో జీఎస్టీ వచ్చాక వాణిజ్య పన్నుల చెక్‌పోస్టులు లేవు. సుంకం కట్టిన ప్యాకెట్టేదో, కట్టనిదేదో ఆ రోడ్డు మీద తేల్చే యంత్రాంగాన్ని కొత్తగా కట్టుకోవాలి. దాని ఖర్చు 2.8 కోట్లలో ఎంత తినేస్తుందో ఏ అంచనాలోనూ కనిపించదు.

మద్యం విషయంలో ఈ జిల్లా ఇదంతా కళ్లారా చూసింది. 2019 తర్వాత రాష్ట్రం చిల్లర దుకాణాలను తన చేతిలోకి తీసుకుంది. 2020 మే నెలలో మొదట 25, వెంటనే మరో 50 శాతం ధరలు పెంచింది. కర్ణాటకలో చౌకగా దొరికే టెట్రా ప్యాకెట్లు పలమనేరు, వి.కోట, కుప్పం వైపు నుంచి వరదలా వచ్చాయి. కూరగాయల వాహనాల్లో, ద్విచక్ర వాహనాల సీట్ల కింద దొరికిన ఆ ప్యాకెట్లను గుట్టలుగా పోసి రోడ్డు రోలరుతో తొక్కించడం అప్పట్లో మామూలు దృశ్యం. అక్రమ మద్యం, ఇసుకల కోసమే ప్రభుత్వం ఒక ప్రత్యేక విభాగాన్ని పెట్టాల్సి వచ్చింది. సీసాలు, ప్యాకెట్లు బరువైనవి, పగిలేవి, చప్పుడు చేసేవి. వాటినే ఆపలేని పొలిమేరల్లో, రూపాయి విలువకు తక్కువ చోటు పట్టే ఎండు గంజాయిని పన్ను కోసం ఆపగలమనుకోవడం కష్టం.

సరిహద్దుకు మరో ముఖం కూడా ఉంది. పార్లమెంటు నిర్ణయాన్ని రాష్ట్రాల ఇష్టానికి వదిలేసి, ఆంధ్రప్రదేశ్ అనుమతించి, తమిళనాడు, కర్ణాటక నిషేధాన్ని కొనసాగిస్తే, నగరి, సత్యవేడు, కుప్పం దుకాణాల్లో అమ్మకాలు స్థానిక వాడకంతో సంబంధం లేకుండా పెరుగుతాయి. అమెరికాలో ఓరెగాన్ అంచున ఉన్న ఆంటారియో పట్టణంలో, నిషేధం ఉన్న ఐడహో నుంచి వచ్చేవారి వల్ల తలసరి అమ్మకాలు రాష్ట్రంలో మరెక్కడా లేనంతగా ఉన్నాయి. కొలరాడో దక్షిణపు అంచులోని ట్రినిడాడ్ కూడా ఇలాగే వెలిగింది. 2022 ఏప్రిల్‌లో పక్కనున్న న్యూ మెక్సికో తానూ అమ్మకాలు మొదలుపెట్టాక ఆ వెలుగు తగ్గిపోయింది. చెన్నై, బెంగళూరు నగరాల కొనుగోలు శక్తిని చిత్తూరు జిల్లా రాబడిగా రాసుకునే అంచనా, పొరుగు ప్రభుత్వం ఒక ఉత్తర్వు ఇచ్చేదాకా మాత్రమే నిలుస్తుంది. పైగా ఆ రాబడి పొరుగు రాష్ట్రపు పోలీసు ఖర్చుల మీద, అక్కడి కుటుంబాల మీద నిలబడిన రాబడి. ఎక్సైజ్ సుంకం ఉత్పత్తి జరిగిన రాష్ట్రానిదే అని 51వ అంశం చెబుతుంది. బయటి సరుకు మీద అదే రేటుకు, లేదా తక్కువకు ప్రతిసుంకం మాత్రమే వేయనిస్తుంది. పండించే మన్యం ఉన్న రాష్ట్రంగా ఆంధ్రప్రదేశ్‌కు ఇది అనుకూలమే. పొరుగు రాష్ట్రాలు కూడా అనుమతించిన రోజున సుంకాలు తగ్గించుకునే పోటీ మొదలై ఆ అనుకూలతా కరిగిపోతుంది.

పోలీసు, కోర్టు, జైలు ఖర్చు తగ్గుతుంది కదా అన్న వాదనకు విలువ ఉంది, కానీ దాన్ని పన్ను రాబడిలో కలపకూడదు. అమెరికా ఆర్థికవేత్త జెఫ్రీ మైరన్ 2005లో వేసిన అంచనాలో ఈ రెంటినీ విడిగానే చూపారు. అమలు ఖర్చులో 770 కోట్ల డాలర్ల ఆదా, పన్ను మామూలు సరుకుల్లా వేస్తే 240 కోట్లు, మద్యం, పొగాకుల్లా వేస్తే 620 కోట్లు అన్నారు. కేసులు తగ్గినా కానిస్టేబుల్ జీతం తగ్గదు. అతని సమయం వేరే పనికి మళ్లుతుంది, అది ప్రజలకు మేలే గానీ ఖజానాలో చేరే రూపాయి కాదు. జర్మనీలో 2021లో వచ్చిన ఒక అధ్యయనం పన్నులు, ఆదాలు అన్నీ కలిపి ఏడాదికి 470 కోట్ల యూరోల ప్రయోజనం చూపించింది. 2024 ఏప్రిల్‌లో చట్టం వచ్చేసరికి అందులో దుకాణాల్లో అమ్మకమే లేదు. ఇంటి పెంపకం, సభ్యుల సంఘాలకు మాత్రమే అనుమతి దక్కింది. అంచనా వేసిన వ్యాపారమే పుట్టలేదు.

ఉరుగ్వే దారి వేరు. 2017లో మందుల దుకాణాల్లో అమ్మకం మొదలుపెట్టినప్పుడు దొంగ వ్యాపారాన్ని దెబ్బతీయడమే లక్ష్యంగా గ్రాము ధరను డాలరున్నర లోపే ఉంచింది. రాబడి కోసం ఆశపడలేదు. రాబడి కావాలంటే ధర ఎక్కువగా ఉండాలి, దొంగ వ్యాపారం పోవాలంటే తక్కువగా ఉండాలి, కొత్తగా కుర్రాళ్లు అలవాటు పడకూడదంటే మళ్లీ ఎక్కువగా ఉండాలి. ఈ మూడింటినీ ఒకే పన్ను రేటుతో సాధిస్తామని చెప్పే పత్రం ఏదైనా, ఏ లక్ష్యాన్ని వదులుకుంటున్నదో చెప్పకుండా దాటేస్తోందన్నమాట.

చిత్తూరు, తిరుపతి జిల్లాలకు ఇంతకంటే నమ్మదగిన లెక్క వేయాలంటే కావలసినవి అందుబాటులో లేనివేమీ కాదు. పట్టుబడిన సరుకు విలువను పోలీసులు ప్రకటించినప్పుడు అది పండించిన చోటి ధరో, తిరుపతి వీధిలో పొట్లం ధరో కూడా చెబితే సగం గందరగోళం తీరుతుంది. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర దాదాపు రెండు లక్షల కిలోలు తగలబెట్టినప్పుడు, ఏ ధరతో హెచ్చవేశారన్న దాన్ని బట్టి ఆ సరుకు విలువ మారిపోతూ వచ్చింది. మురుగునీటి నమూనాలను పరీక్షించి నగరాల వాడకాన్ని అంచనా కట్టే పద్ధతిని కెనడా గణాంక సంస్థ 2018లో చేపట్టింది. ఇంటింటి సర్వేలో నోరు విప్పనివారి లెక్క కూడా అందులో తేలుతుంది. వచ్చే రాబడిలో స్థానిక సంస్థలకు ఎంత అన్నది కూడా ముందే రాసుకోవాలి. కెనడా ఎక్సైజ్‌లో 75 శాతాన్ని రాష్ట్రాలకిచ్చింది, ట్రినిడాడ్ పట్టణం తన సొంత పన్ను వేసుకుంది. మన దగ్గర ఎక్సైజ్ నేరుగా రాష్ట్ర ఖజానాకు పోతుంది. దుకాణం ముందు రద్దీ, వ్యసన చికిత్స, బడి చుట్టూ నిఘా మాత్రం మున్సిపాలిటీ, జిల్లా ఆసుపత్రి, స్థానిక పోలీసు స్టేషన్ భరించాలి. 2.8 కోట్లయినా, 1.4 కోట్లయినా, అందులో ఎంత భాగం వసూలైన జిల్లాలోనే వ్యసన చికిత్సకు ఖర్చవుతుందో చట్టంలోనే అంకె వేసి రాయనిదే ఆ రాబడిని జిల్లాకు ఒక ప్రయోజనంగా లెక్కించడానికి ఆధారం ఉండదు.